జ్వరము విడిచినను విడువని బడలిక



జ్వరము వచ్చుట, లంఖణము చేయుట, పథ్యము తినుట, పది పదునైదు దినములలో మరల పొలమునకు పోవుట, ఇది మన మందఱము ఎఱిగిన వరుస. జ్వరము విడిచిన పిమ్మట నోటికి రుచియు, కాళ్లకు సత్తువయు మెల్లమెల్లగా తిరిగి వచ్చును. ఎవరికైన రానిచో, "ఇంకను నీరసము తీఱలేదు, నాలుగు దినములు పాలు త్రాగింపుడు" అందురు. నాలుగు దినములు నాలుగు నెలలైనచో ఇంటివారి మాట మాఱును. నాలుగు నెలలు రెండేండ్లైనచో ఆ మనిషికి సోమరి యను పేరు నిలిచిపోవును. జ్వరము విడిచినను బడలిక విడువని ఇట్టివారిని గూర్చియు, వారి వ్యాధికి మూలమును వైరసులలో వెదకుచున్న శాస్త్రజ్ఞుల కృషిని గూర్చియు నేడు మీతో ముచ్చటింప దలచితిని. అంతకు ముందు నా తప్పు నొకదానిని చెప్పుకొనవలసి యున్నది.

నేను ముప్పది యేండ్లకు పైగా వైద్యవృత్తిలో నున్నవాడను. 2013వ సంవత్సరమున నా మేనకోడలికి తీవ్రమైన జ్వరము వచ్చి పది దినములకు తగ్గెను. అప్పటి కామెకు ఇరువది యెనిమిదేండ్లు. ఇద్దఱు పిల్లల తల్లి. తెల్లవాఱుజామున లేచి పాడి చూచుకొని, పిల్లలను బడికి పంపి, మధ్యాహ్నము మిషనుమీద ఊరివారి బట్టలు కుట్టు చుఱుకైన మనిషి. ఆఱు నెలల పిమ్మట నేను వారి యూరికి పోగా ఆమె అత్తగారు నన్ను ప్రక్కకు పిలిచి, "అన్నయ్యగారూ, మీ మేనకోడలికి ఏ రోగమూ లేదంటున్నారు. ఒకనాడు ఇల్లంతా ఊడ్చి వండి పెడుతుంది. రెండోనాటినుంచి మూడు రోజులు మంచం దిగదు. దీన్నేమనాలో మీరే చెప్పండి" అనెను.

నేను రక్తపరీక్షలు చేయించితిని. రక్తహీనత లేదు. థైరాయిడు సరిగా నున్నది. చక్కెర వ్యాధి లేదు. క్షయ లేదు. కాగితము లన్నియు చూచి, "నీకు జబ్బేమీ లేదమ్మా. పడుకున్నకొద్దీ పడుకోవాలనిపిస్తుంది. రోజూ చెరువుగట్టుదాకా నడువు. వారానికి కొంచెం దూరం పెంచు" అని చెప్పితిని. ఆమె తల వంచుకొని, "మామయ్యా, నేను పడుకోవాలని పడుకోవడం లేదు" అనెను. ఆ మాట నా చెవిని పడెను గాని మనసున కెక్కలేదు. నా మాటమీది గౌరవముచేత ఆమె మూడు వారములు నడచెను. నాలుగవ వారమున మంచము పట్టి యెనిమిది నెలలు లేవలేదు. కిటికీ వెలుతురును, కన్నపిల్లల మాటల సందడిని సైతము సహింపలేక తలుపులు మూసికొని పడియుండెను. పరీక్షలో కనబడనిది రోగము కాదని తలచుట నా తప్పు. ఆమె వ్యాధికి ఒక పేరు కలదనియు, ఆ పేరు చుట్టును పెద్ద వాదము జరిగినదనియు పిమ్మట చదివి తెలిసికొంటిని.

ఆ వ్యాధికి రెండు పేర్లు కలవు. ఇంగ్లండులో మయాల్జిక్ ఎన్సెఫలోమైలైటిస్ అనిరి. కండరముల నొప్పితో కూడిన మెదడు వెన్నుపాముల వాపు అని దాని యర్థము. అమెరికాలో క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనిరి. దీర్ఘకాలపు బడలిక యని దాని యర్థము. ఇప్పుడు రెండింటిని కలిపి చెప్పుచున్నారు. నిజమునకు బడలిక యను మాట ఈ రోగమునకు చాలదు. పగలంతయు అరక లాగిన యెద్దు రాత్రి మేత మేసి పరుండి, తెల్లవాఱి మరల కాడికి మెడ నిచ్చును. అది బడలిక. ఈ రోగికి నిద్రవలన సేద తీఱదు. పడుకొన్నప్పు డెట్లుండెనో లేచినప్పుడును అట్లే యుండును. 2015లో అమెరికాలోని ఇన్స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అను సంస్థ ఈ వ్యాధి గుఱుతులను విడమరచి చెప్పెను. ఆఱు నెలలకు మించి, మునుపు చేయగలిగిన పనులు చేయలేకపోవుట. సేద తీర్పని నిద్ర. శ్రమ చేసినచో రోగము ముదురుట. వీనితోపాటు ఆలోచన మందగించుటయో, నిలుచున్నంత సేపు తల తిరిగి కూర్చుండినచో కుదుటపడుటయో ఉండవలెను.

వీనిలో శ్రమవలన రోగము ముదురుట యన్నది తక్కిన జబ్బులనుండి దీనిని వేఱుపఱచు గుఱుతు. చేసిన శ్రమకు శిక్ష తఱచుగా వెంటనే పడదు. ఒక దినమో, రెండు దినములో గడచిన పిమ్మట చక్రవడ్డీతో కూడిన అప్పువలె మీద పడును. సోమవారమున ఇల్లూడ్చినది ఇరుగుపొరుగువారు చూతురు. బుధవారమున తల యెత్తలేనిది వారు చూడరు. కనుకనే వారికి రోగము నటనగా తోచును. పైన చెప్పిన సంస్థ లెక్క ప్రకారము ఒక్క అమెరికాలోనే 8,36,000 మొదలు 25 లక్షల వఱకు ఇట్టి రోగులు కలరు. వారిలో పురుషులకంటె స్త్రీలు ఎక్కువ. నాలుగవ వంతుమంది ఏదో యొక కాలమున ఇల్లు కదలలేక, మంచము దిగలేక గడపినవారు.

ఇక వైరసుల మాట. వైరసు మన రైతులకు క్రొత్తది కాదు. పేరు మాత్రమే క్రొత్తది. మినుము చేనికి, పెసర చేనికి పల్లాకు తెగులు సోకినపుడు ఆకులు పసుపు మచ్చలు వేసి చేనంతయు పాలిపోవుట మీరు చూచియే యున్నారు. తెల్లదోమ ఒక మొక్కనుండి మఱియొక మొక్కకు మోసికొని పోవు వైరసే దానికి కారణము. లోకమునకు మొట్టమొదట వైరసు జాడ తెలిసినదియు మొక్కవలననే. 1892లో ఇవనోవ్స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు తెగులు సోకిన పొగాకు రసమును, సూక్ష్మక్రిములనైనను పోనీయని పింగాణి వడపోతలో వడకట్టెను. వడిసిన రసము తేటగా నుండెను. అయినను దానిని పూసిన మొక్కకు తెగులు సోకెను. ఆ రోగకారకమునకు 1898లో హాలండు శాస్త్రజ్ఞుడు బైయరింక్ వైరసు అను పేరు వాడెను. వైరసు తనంతట తాను బ్రదుకలేదు. ప్రాణి కణములోనికి దూఱి, ఇంటివాని పొయ్యిమీద తన వంట వండుకొను వచ్చినవానివలె, ఆ కణముచేతనే తన సంతతిని చేయించుకొనును.

వీనిలో కొన్ని వైరసులు జ్వరము తగ్గినంతనే పోవు. మఱికొన్ని ఒంటిలోనే దాగియుండును. చిన్ననాట ఆటలమ్మ పోసిన వానికి ఏబది యరువది యేండ్ల పిమ్మట నడుముకో ఛాతీకో ఒక ప్రక్కగా మంటతో పొక్కులు లేచి అక్కి వచ్చుట మీ రెఱుగుదురు. అది క్రొత్తగా సోకిన రోగము కాదు. ఆనాటి ఆటలమ్మ వైరసే నరముల మొదళ్లలో అన్నియేండ్లు నిద్రించి, ఒంటి కాపుదల సడలినపుడు మేల్కొన్నది. ఈ సంగతి జ్ఞాపకమునందుంచుకొనుడు. ముందు చెప్పబోవు దానికి ఇది కీలకము.

ఈ బడలిక వ్యాధిని పోలినది బాగుగా వ్రాతకెక్కిన తొలి సంఘటనలలో నొకటి 1934లో లాస్ ఏంజెలెస్ నగరపు పెద్ద ఆసుపత్రిలో జరిగెను. ఊరిలో పోలియో చెలరేగియున్న ఆ వేసవిలో ఆసుపత్రి వైద్యులు, నర్సులు, ఇతర ఉద్యోగులు 198 మంది జబ్బుపడిరి. అందఱును పోలియో యనుకొనిరి. కాని కాళ్లు చేతులు పడిపోవుట అరుదు. కండరముల నొప్పి, బలహీనత, నిద్ర పట్టమి, జ్ఞాపకము తప్పుట మాత్రము మెండు. నెలలు గడచినను చాలమంది పనిలోనికి రాలేకపోయిరి.

1955 జూలైలో లండను నగరమునందలి రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో ఇట్టిదే మరల జరిగెను. జూలై 13న ఒక వైద్యునికి, ఒక నర్సునకు మొదలైన జబ్బు నవంబరు లోపల 292 మంది ఉద్యోగులకు సోకెను. జూలై 25 మొదలు అక్టోబరు 5 వఱకు ఆసుపత్రినే మూసివేయవలసి వచ్చెను. వింత యేమనగా, అంతకు ముందే అక్కడ మంచములమీద నున్న రోగులలో పన్నెండుగురికి మాత్రమే అది సోకెను. ఆనాటి సాధనములతో ఎంత వెదకినను వైరసు దొరకలేదు. మఱుసటి యేడు లాన్సెట్ అను వైద్యపత్రిక ఈ జబ్బును మయాల్జిక్ ఎన్సెఫలోమైలైటిస్ అని పేర్కొనెను.

దొంగ దొరకలేదు గనుక దొంగతనమే జరుగలేదనుట న్యాయమా? వైద్యలోకమున అట్టి తీర్పే వచ్చినది. 1970లో ఇద్దఱు మానసికవైద్యులు రాయల్ ఫ్రీ రోగుల పాత కాగితములను మాత్రము చదివి, రోగులను కన్నులార చూడకయే, అది సామూహికమైన హిస్టీరియా యని వ్రాసిరి. జబ్బుపడినవారిలో స్త్రీలు హెచ్చుగా నుండుట వారు చూపిన కారణములలో నొకటి. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1969 నాటికే దీనిని నరముల వ్యాధుల పట్టికలో చేర్చియుండెను. అయినను పట్టికలోని మాట వైద్యుల కెక్కలేదు. హిస్టీరియా యను మాట యెక్కినది. తరువాతి యేండ్లలో ఎందఱో రోగులు ఆ మాట భారమును మోయవలసి వచ్చెను. నేను నా మేనకోడలి విషయమున చేసినదియు అదే.

1980లలో అమెరికాలో నెవాడా రాష్ట్రమున, తాహో సరస్సు దరినున్న యొక చిన్న యూరిలో ఇట్టి జబ్బు మరల చెలరేగెను. ఈ సారి అనుమానము ఎప్‌స్టైన్-బార్ వైరసుమీద పడెను. 1964లో ఎప్‌స్టైన్, బార్, అచాంగ్ అను ముగ్గురు, ఆఫ్రికాలోని యుగాండానుండి వచ్చిన కంతి ముక్కలో కనుగొన్న వైరసు అది. లోకమున నూటికి తొంబది మందికి పైగా పెద్దవారి ఒంటిలో అది కలదు. ఆటలమ్మ వైరసు నరములలో దాగునట్లు ఇది రక్తములోని తెల్లకణములలో జీవితాంతము దాగియుండును. ఇందఱిలో నున్నది కొందఱినే ఏల పీడించును? ఆ ప్రశ్నకు ఆనాడు సమాధానము దొరకలేదు. వైరసు పేరు తగిలించుటకు సాహసింపక, 1988లో క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అను తటస్థమైన పేరు పెట్టిరి. ఆ పేరు రోగులకు మేలు చేయలేదు. "బడలికయేగా! ఎవరికి లేదు?" అని లోకము తేలికగా తీసికొనెను.

2009లో ఒక పెద్ద యాశ పుట్టి కూలినది. ఎక్స్.ఎమ్.ఆర్.వి. అను వైరసు 101 మంది రోగులలో 68 మందికిని, ఆరోగ్యవంతులు 218 మందిలో 8 మందికి మాత్రమే యున్నదని అమెరికా పరిశోధకులు సైన్స్ పత్రికలో ప్రకటించిరి. రోగుల ఇండ్లలో పండుగయైనది. కొందఱు వైద్యుల యనుమతితో ఎయిడ్సు మందులు వాడ మొదలిడిరి. కాని ఇతర ప్రయోగశాలలలో ఆ వైరసు కనబడలేదు. రోగి దేదో, ఆరోగ్యవంతుని దేదో పరీక్షించువానికి తెలియకుండ, పేర్లు లేని గొట్టములలో రక్తము నింపి పంచిపెట్టి చూచిరి. అపుడు గుట్టు బయటపడెను. ఆ వైరసు మనుష్యులలో పుట్టినది కాదు. ప్రయోగశాలలో ఎలుకలలో పెంచిన కణములనుండి పుట్టి, పరీక్ష సామగ్రిలోనికి చొఱబడినది. 2011 డిసెంబరులో పత్రిక ఆ వ్యాసమును ఉపసంహరించెను. 2012లో జరిగిన తుది పరీక్షలో, మునుపు వైరసు కలదన్న ప్రయోగశాలలే దానిని చూపలేకపోయినవి. ఆశపడినవారికి అది పెద్ద దెబ్బ. అయినను తన తప్పును తానే పట్టుకొని నలుగురిలో ఒప్పుకొనుట శాస్త్రమునకు పరువే గాని నష్టము కాదు.

ఇంతకును ఒకే వైరసును వెదకుటయే పొరపాటేమో యను తలంపునకు ఆస్ట్రేలియాలోని డబ్బో అను పట్టణము బలము నిచ్చినది. అక్కడ 253 మంది జ్వరపీడితులను మొదటి దినములనుండియు వెంబడించి చూచి, 2006లో ఫలితములు ప్రకటించిరి. వారికి సోకినవి మూడు వేఱు వేఱు రోగములు: ఎప్‌స్టైన్-బార్ వైరసు జ్వరము, దోమకాటుచే వచ్చు రాస్ రివర్ వైరసు జ్వరము, పశువులనుండియు గొఱ్ఱెలనుండియు సోకు క్యూ జ్వరము. ఈ చివరిది వైరసు కాదు, బాక్టీరియా. ఆఱు నెలలకు మూడు రకముల వారిలోను కలిపి నూటికి 12 మందికి ఇట్టి బడలిక నిలిచెను. ఎవరికి నిలిచినది? పిఱికివారికా? సోమరులకా? కాదు. మొదటి జ్వరము ఎంత తీవ్రముగా నుండెనో అంతగా ఈ బడలిక నిలిచెను. మనిషి స్వభావముతో దానికి సంబంధము కనబడలేదు.

రాస్ రివర్ వైరసు మన మెఱిగిన చికున్‌గున్యా వైరసునకు దాయాది. 2005, 2006 సంవత్సరములలో ఆ జ్వరము మన తెలుగు జిల్లాలను చుట్టబెట్టినపుడు, జ్వరము మూడు నాళ్లలో పోయినను కీళ్లు నెలలకొలది విడువకుండుట మీలో ఎందఱో అనుభవించితిరి. ఆ కీళ్లనొప్పియు ఈ బడలిక వ్యాధియు ఒకటి కావు. కాని జ్వరము పోయినంత మాత్రమున వైరసు చేసిన చెఱుపు పోదని మనకు ఆనాడే తెలిసినది. కీళ్లు వాచినవి గనుక నమ్మితిమి. వాపు కనబడని వానిని నమ్మలేదు.

2020లో కోవిడు వచ్చినది. ఒకే కాలమున, ఒకే వైరసు, కోట్లకొలది జనమునకు సోకెను. జబ్బు తగ్గిన పిమ్మట లక్షలమంది నా మేనకోడలి మాటనే పలుకసాగిరి. ఆసుపత్రులలో పనిచేయు వైద్యులును, నర్సులును వారిలో నుండిరి గనుక ఈ సారి హిస్టీరియా యని కొట్టివేయుట సాగలేదు. అమెరికా ప్రభుత్వ పరిశోధనలో, కోవిడు సోకిన వారిలో నూటికి 4.5 వంతున ఈ వ్యాధి గుఱుతులు పూర్తిగా కనబడినవనియు, సోకనివారిలో అది 0.6 మాత్రమే యనియు 2025లో ప్రకటించిరి. ఇది యెంతో దుఃఖకరమైన లెక్క. అయినను, రాయల్ ఫ్రీ ఆసుపత్రి నాటినుండి మరుగునబడియున్న ప్రశ్నకు ధనమును, ప్రయోగశాలలను, పనివారిని తెచ్చిపెట్టినది ఈ కోవిడే.

వైరసు ఇట్లేల చేయగలదన్న దానికి శాస్త్రజ్ఞులు ముఖ్యముగా మూడు త్రోవలు పరిశీలించుచున్నారు. మొదటిది, వైరసుగాని దాని తునుకలుగాని పేగులలోనో, మఱియొక చోటనో మిగిలి ఒంటిని రేపుచుండుట. కోవిడు తగ్గిన కొందఱిలో నెలల పిమ్మట అట్టి తునుకలు కనబడినవి. రెండవది, అక్కివలె, దాగియున్న పాత వైరసు క్రొత్త జ్వరముచే మేల్కొనుట. మూడవది, శత్రువు పోయినను ఒంటి కాపరులు ఆయుధములు దింపక తమ ఇంటివారినే కొట్టుట. ఈ మూడవ దానికి ఒక గట్టి దృష్టాంతము కలదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అను నరముల వ్యాధిలో ఒంటి కాపరులే నరముల పొరను తినివేయును. అమెరికా సైనికులు కోటిమందికి పైగా ఇచ్చిన, దాచియుంచిన రక్తపు నమూనాలను ఇరువది యేండ్ల లెక్కలతో పోల్చిచూచి, ఎప్‌స్టైన్-బార్ వైరసు సోకిన పిమ్మట ఆ వ్యాధి వచ్చు అవకాశము 32 రెట్లు పెరుగునని 2022లో తేల్చిరి. అందఱిలో నుండు వైరసు కొందఱికే కీడు చేయగలదని దీనివలన రుజువైనది.

ఆ కొందఱెవరన్న ప్రశ్నకు కూడ సమాధానపు కొస చిక్కుచున్నది. 2025 ఆగస్టులో స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయమువారు 15,579 మంది ఈ వ్యాధిగ్రస్తుల లాలాజలమునుండి తీసిన జన్యువులను ఆరోగ్యవంతుల జన్యువులతో పోల్చి, ఎనిమిది చోట్ల తేడా లున్నవని తెలిపిరి. వానిలో కొన్ని రోగములను ఎదుర్కొను శక్తికిని, కొన్ని నరములకును సంబంధించినవి. అంతకు ముందు 2024లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలవారు, అంటువ్యాధి పిమ్మట ఈ జబ్బు వచ్చిన 17 మందిని నిశితముగా పరీక్షించి, రోగనిరోధక కణములలోను, వెన్నుపాము ద్రవమునందలి రసాయనములలోను తేడాలు కనుగొనిరి. మామూలు రక్తపరీక్షలో కనబడనిది వేఱు పరీక్షలో కనబడుచున్నదన్నమాట.

మందు వచ్చినదా యని మీరు అడుగుదురు. రాలేదు. నార్వే దేశమున రిటుక్సిమాబ్ అను మందుమీద మొదట గొప్ప యాశ కలిగెను. 151 మందిమీద జరిగిన పెద్ద పరీక్షలో అది వట్టి మందుకంటె మేలు చేయలేదని 2019లో తేలెను. కోవిడు పిమ్మట నిలిచిన జబ్బునకు పాక్స్‌లోవిడ్ అను వైరసు మందును 15 దినములు ఇచ్చి అమెరికాలో 155 మందిమీద చూచిరి. అదియు మేలు చేయలేదని 2024లో ప్రకటించిరి. ఇవి చెప్పక దాచుట మీకు ద్రోహము చేయుటయే యగును.

మఱి ఆశకు తావెక్కడ? కామెర్ల చరిత్రలో కలదు. 1970లలో రక్తము ఎక్కించుకొన్న కొందఱికి కాలేయము చెడుచుండెను. అప్పటికి తెలిసిన ఏ వైరసును, బి వైరసును వారిలో లేవు. కనుక ఏ కానిది, బి కానిది యని ఆ జబ్బును పిలిచిరి. రోగమునకు సొంతపేరైనను లేదు. 1989లో దాని వైరసును పట్టి హెపటైటిస్ సి అనిరి. నేడు పన్నెండు వారముల మాత్రలతో నూటికి 95 మందికి పైగా అది నయమగుచున్నది. వైరసు దొరకకముందు కూడ ఆ రోగులు రోగులే. జాడ దొరకిన పిమ్మటను మందునకు ఇరువదియేండ్లకు పైగా పట్టెను. బడలిక వ్యాధి రోగులు నేడు ఆ దారిలో సగము దూరమున నున్నారని నా నమ్మకము.

అంతవఱకు మనము చేయవలసిన పని కొంత కలదు. మీ యింట జ్వరము పిమ్మట ఎవరైన నెలలకొలది తేఱుకొనకున్నచో మొదట వైద్యునిచేత రక్తహీనత, థైరాయిడు, చక్కెర, క్షయ మొదలగువానిని పరీక్షింపజేయుడు. వానికి మందు లున్నవి. అవేవియు కానిచో, రోగము లేదని తేల్చివేయకుడు. బలవంతముగా నడిపింపకుడు. క్రమక్రమముగా వ్యాయామము పెంచు వైద్యమును 2007లో సూచించిన ఇంగ్లండువారి నైస్ అను సంస్థయే 2021 అక్టోబరులో దానిని చేయింపవలదని మార్చి చెప్పెను. నేను 2013లో చెప్పినది ఆనాటి పుస్తకములలో నున్న మాటయే. అయినను అది నాకు ఊరట కాదు, ఎదుట కూర్చున్న మనిషి మాట పుస్తకముకంటె ముందుండెను గనుక. ఊట తక్కువైన బావిలో అడుగువఱకు తోడినచో బురద వచ్చును. నాలుగు చేదలు తోడి ఆగినచో మరల నీ రూరును. రోగి తన ఊట యెంతో తెలిసికొని, దానికి లోబడి పని చేసికొనవలెను. ఆగుమనుట ఇంటివారి వంతు. బలము వచ్చునని వారము వారము గ్లూకోజు సీసాలు ఎక్కించువారిని, వైరసును చంపెదమని వేలకు వేలు గుంజువారిని నమ్మి భూమి తాకట్టు పెట్టకుడు.

నా మేనకోడలు పూర్తిగా కోలుకొనలేదు. మంచము దిగినది. ఉదయము ఒక గంట, సాయంకాలము ఒక గంట అరుగుమీద కూర్చుండి గుడ్డలకు కాజాలు కుట్టును. నేను పోయి నా తప్పు చెప్పుకొన్ననాడు ఆమె ఏమియు అనలేదు; నవ్వి, "ఇప్పుడు నమ్మావు గదా మామయ్యా, చాలు" అనెను. వారి వంటయింటిలో పొయ్యి ప్రక్కన ఇప్పు డొక ఎత్తైన పీట యున్నది. కోడలు నిలువ నక్కఱలేకుండ కూర్చుండి కూరలు తఱుగుకొనుటకై అత్తగారు వడ్రంగిచేత చేయించినది. శాస్త్రము తన పని ముగించుటకు ఇంకను కొన్నియేండ్లు పట్టవచ్చును. పీట చేయించుటకు ఒక్క పూట చాలును.